పెరటి సాన

పండిన టమాటా కత్తి కింద తెగకుండా నలిగిపోయిందనుకోండి, ఇల్లాలికి ముందు కోపం వచ్చేది టమాటా మీద. తరవాత దాన్ని అంటగట్టిన కూరలబ్బి మీద. ఆ తరవాత, అలవాటు చొప్పున, ఆ సమయానికి ఇంట్లో పేపరు చదువుకుంటున్న మగమనిషి మీద. కత్తి మీద మాత్రం అందరికంటే ఆఖర్న వస్తుంది. రెండు నెలల కిందట ఓ ఆదివారం మా ఇంట్లో సరిగ్గా ఈ వరసలోనే జరిగింది.

"కత్తికి పదును లేకపోతే నేనేం చేసేదోయ్!" అంటూనే మావారు చొక్కా తొడుక్కుని బజారుకెళ్ళి, అరగంటలో ఓ అట్టపెట్టెతో తిరిగొచ్చారు. పెట్టెలో జానెడు పొడుగు బూడిదరంగు రాయి. అంచులు స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. ఓ పక్క గరుకు, ఓ పక్క నునుపు.

"కార్బొరండం! దారిన పోయే రాయి కాదు. ఫ్యాక్టరీ సరుకు," అన్నారు, ఆ రాయిని తానే తయారుచేసినంత గర్వంగా.

"రాయిని కూడా డబ్బులిచ్చి కొంటారా నాన్నా?" అంది మా చిన్నది.

నాకు మాత్రం ఆ పేరు వినగానే నవ్వొచ్చింది. ఎందుకొచ్చిందో చెప్పాలంటే చాలా దూరం వెళ్ళి రావాలి. ఆ దూరం లండను దాకా ఉంది, అమెరికా దాకా కూడా ఉంది. బయల్దేరాల్సింది మాత్రం మా అవ్వ పెరట్లోంచి.

మా అమ్మ పుట్టిల్లు అనంతపురం జిల్లాలో, హగరి ఒడ్డున. పటాల్లో వేదవతి అని రాస్తారు గాని అక్కడ అందరికీ అది హగరే. అవ్వ ఇంటి పెరట్లో బావి, బావి పక్కన బట్టలుతికే బండ, బండ పక్కన నేలలో సగం పాతిన ఓ బూడిదపచ్చ రాయి ఉండేవి. మూరకి కొంచెం తక్కువ పొడుగు. ఏళ్ళ తరబడి అరిగి అరిగి నడుమ దొన్నెలా గుంటపడింది. వంటింట్లో ఈలపీట (మీలో కొందరికి అది కత్తిపీట), చేలోంచి కొడవలి, తాతయ్య వక్కల అడకత్తెర, అన్నీ ఆ రాయి దగ్గరికి రావలసిందే. పొద్దున్నే బావి దగ్గర వినిపించే ఆ 'సర్రు సర్రు' చప్పుడే సెలవుల్లో మాకు మేలుకొలుపు.

రాయి ముట్టుకోవాలంటే అవ్వ దగ్గర ఓ నియమం ఉండేది. "ముందు రాయికి నీళ్ళు తాపల్ల. దాని దప్పి తీరినంకనే కత్తి పెట్టల్ల," అనేది. మేం చెంబుతో నీళ్ళు పోసేవాళ్ళం. రాయి వాటిని గుటకలేస్తున్నట్టు పీల్చుకునేది. కాసేపటికి నీళ్ళు పైనే నిలిచేవి. అప్పుడు అవ్వ కత్తి పెట్టేది.

ఆ రాయి ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. కొత్తకోడలిగా ఏటికి నీళ్ళకు పోయినప్పుడు ఇసకలో కాలికి తగిలిందట. ఓ చంకన బిందె, ఓ చంకన రాయి పెట్టుకుని ఇంటికొచ్చిందట. "పుట్టింటి నుంచి బంగారం తెస్తావనుకుంటే ఏటి నుంచి రాయి తెచ్చినావే!" అన్నాడట తాతయ్య. అయినా అది తెచ్చిన రోజునే సాన అయిపోలేదు. దాని మీద గూని లాంటి ఎత్తు ఉండేదట. రోజూ స్నానానికి ముందు గుప్పెడు ఇసక, చెంబెడు నీళ్ళు పోసి ఇంకో బండరాయితో రుద్దితే, చదును కావడానికి ఆర్నెల్లు పట్టిందని చెప్పేది.

అవ్వ పోయాక ఇల్లు అమ్మారు. పంపకాల్లో గంగాళం పెద్దమామకు, ఇత్తడి బిందెలు పిన్నికి వెళ్ళాయి. "నీకేం గావల్లనో చెప్పు మే," అని మామ అడిగితే "బావి దగ్గర సానరాయి," అన్నాను. అందరూ నవ్వారు. "అదెక్కడికి పోతాదిలే, తీసుకుపోదువు," అన్నాడు మామ. మూడు నెలలకు తీరుబడి చేసుకుని వెళితే పెరడు లేదు. బావి పూడ్చేశారు. కొత్తిల్లు కట్టుకుంటున్నాయన మర్యాదగానే చెప్పాడు: "రాళ్ళు తక్కువైతే పునాదిలో ఏసేసినామమ్మా."

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. పెరటి రాయి పునాదికి పనికొచ్చింది.

నవలలో అయితే నేనక్కడ కథానాయిక చేత ఓ పేజీన్నర కన్నీళ్ళు పెట్టించేదాన్ని. నిజానికి ఆయన ఇచ్చిన కాఫీ తాగి బస్సెక్కాను. కాని అప్పట్నుంచి నాకు రాళ్ళ పిచ్చి పట్టుకుంది. రాయి గురించి ఎక్కడేం కనిపించినా చదవడం మొదలుపెట్టాను. చదువుకున్నది చరిత్ర, తెలుగు. రాళ్ళ శాస్త్రం కాదు. అయినా వంటింట్లో పాతికేళ్ళుగా ఉన్నదానికి ఆ శాస్త్రం మరీ అంత కొరుకుడు పడనిదేం కాదు.

'సాన' అనే మాట సంస్కృతంలోని 'శాణం' నుంచి వచ్చింది. మనం గంధం తీసేదాన్నీ సానే అంటాం, కత్తికి పదును పెట్టేదాన్నీ సానే అంటాం. రెంటి పనీ ఒకటే, అరగదీయడం. కాకపోతే గంధపుచెక్క కంటే రాయి గట్టిదని తేలిగ్గా తెలుస్తుంది. ఇనుము కంటే రాయి గట్టిదంటే మాత్రం నమ్మబుద్ధి కాదు. 1812లో మోస్ అనే జర్మను శాస్త్రవేత్త ఖనిజాలను ఒకదాంతో ఒకటి గీకి చూసి, ఏది దేన్ని గీస్తుందో దాన్నిబట్టి ఒకటి నుంచి పది దాకా మెట్లు కట్టాడు. మెత్తని సబ్బురాయి ఖనిజానిది ఒకటో మెట్టు, వజ్రానిది పదో మెట్టు. ఆ లెక్కలో మన గోరు రెండున్నర. వంటింటి కత్తి ఇంచుమించు ఆరు. తెల్లగా మెరిసే పలుగురాయి ఏడు. ఏట్లో ఇసక చాలా మటుకు ఆ పలుగురాయి పొడే. అంటే ఇసక రేణువు కత్తిని గీస్తుంది. ఇసక గట్టిపడి రాయైనా, పలుగు రేణువులు మరో రాయిలో సన్నగా కలిసిపోయి ఉన్నా, అది సాన కావడానికి పుట్టిన రాయే.

అయితే రేణువులు గట్టిగా ఉంటేనే చాలదు. వాటిని పట్టి ఉంచే బంధం మరీ బిగుతుగా ఉండకూడదు. ఉంటే పైన రేణువులు మొద్దుబారి రాయి అద్దంలా తయారవుతుంది, కత్తి దాని మీద జారిపోతుంది. మరీ వదులైతే రాయే పొడి పొడిగా రాలిపోతుంది. అరిగిన రేణువు ఊడి, దాని కింద కొత్త రేణువు పైకి రావాలి. మంచి సానరాయి అంటే మన ఉమ్మడి కుటుంబం లాంటిదన్నమాట. పెద్దవాళ్ళు తప్పుకుంటూ ఉండాలి, చిన్నవాళ్ళు ముందుకొస్తూ ఉండాలి, ఇల్లు మాత్రం విరగకూడదు!

మెరుగు చూసి మోసపోకూడదు. నాపరాయీ చలవరాయీ ఎంత నున్నగా ఉన్నా సున్నపు జాతివి, కత్తి కంటే మెత్తన. అనుమానమొస్తే కాస్త గీకి, ఆ పొడి మీద నిమ్మరసం పిండి చూడండి. బుసబుసమని పొంగిందా, ఆ రాయిని పూలకుండీ కింద పెట్టుకోండి.

ఇదంతా మా అవ్వ కనిపెట్టిన విద్య అనుకునేదాన్ని చాలాకాలం. పోయినేడు వేసవిలో బళ్ళారిలో ఓ పెళ్ళికి వెళ్ళినప్పుడు ఆ భ్రమ తొలిగింది. బళ్ళారి మాకు పరాయి ఊరేం కాదు. అనంతపురంతో పాటు ఒకప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1953లో మైసూరులో కలిసింది. ఇప్పటికీ అక్కడ బజార్లో తెలుగుతో పని జరిగిపోతుంది. ఆ ఊరికి దగ్గర్లోనే సంగనకల్లు అనే చోట కొండలున్నాయి. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే ఆయన, 1863లో మద్రాసు పక్క పల్లవరంలో పాతరాతియుగపు పనిముట్టు దొరికించుకుని పేరు తెచ్చుకున్న భూగర్భ శాస్త్రజ్ఞుడు, ఈ కొండల్ని కూడా లోకానికి చూపించాడు. రమారమి నాలుగు వేల ఏళ్ళ కిందట ఇక్కడ రాతి గొడ్డళ్ళ తయారీ ఓ పెద్ద పరిశ్రమగా నడిచింది. కొండలో గోడలా చొచ్చుకొచ్చిన నల్లరాతిని పగలగొట్టి, చెక్కి, గొడ్డలి ఆకారానికి తెచ్చి, ఆఖరుకు అంచును నూరేవాళ్ళు.

ఎక్కడ నూరేవాళ్ళు? పక్కనే ఉన్న మామూలు బండ మీద. తవ్వి తెచ్చిన రాయి కాదు, చెక్కిన రాయి కాదు. దేవుడు ఎక్కడ పెట్టాడో అక్కడే ఉన్న గ్రానైటు బండ. దాంట్లోని పలుగు రేణువులు ఆ నల్లరాతి కంటే గట్టివి. నీళ్ళు చల్లి, ఇసక వేసి, ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ తోస్తుంటే గొడ్డలికి పదునొచ్చింది, బండకు గాడి పడింది. ఆ గాళ్ళు ఇవ్వాళ్టికీ ఉన్నాయి.

పెళ్ళివారి కారు అడిగి పుచ్చుకుని, పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని వెళ్ళి చూశాను. ఒక గాడిలో చెయ్యి పెట్టాను. లోపల ఎంత నున్నగా ఉందంటే, కళ్ళు మూసుకుంటే అది మా బావి దగ్గర దొన్నె గుంటే. ఎండకు కాలిపోతున్న ఆ కొండ మీద నాకు ఒళ్ళు జలదరించింది. అవ్వ కొత్తగా ఏమీ కనిపెట్టలేదు. నాలుగు వేల ఏళ్ళ నుంచి ఆ చుట్టుపక్కల ఎవరో ఒకరు చేస్తున్న పనినే, తెలియకుండానే, తన పెరట్లో కొనసాగించింది.

తిరిగొచ్చేటప్పుడు దారిలో హగరి వంతెన దగ్గర కారాపించాను. వేసవి కదా, నీళ్ళు లేవు, ఇసకే. అరచేతంతవి ఓ ఐదు రాళ్ళు ఏరి చెంగులో పోసుకుంటుంటే మావారు తల పట్టుకున్నారు. "పెళ్ళికొచ్చిన వాళ్ళందరూ చీరలు కొనుక్కుంటే నువ్వు రాళ్ళేరుకుంటావేమిటోయ్!" తాతయ్య మాటలు ఆయనకు నేనెన్నడూ చెప్పలేదు. మగవాళ్ళందరికీ ఈ మాట ఎవరు నేర్పుతారో!

ఇంటికి తెచ్చాక నేనూ చేసిందేం లేదు లెండి. తులసికుండీ పక్కన పోసి మర్చిపోయాను. పుస్తకాలు మాత్రం చదువుతూనే ఉన్నాను.

సానరాళ్ళకు ఎంత చరిత్ర ఉందనుకున్నారు! క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ప్రాణం పోగొట్టుకున్న ప్లినీ అనే రోమను పెద్దాయన, తన విజ్ఞాన సర్వస్వంలో సానరాళ్ళను నాలుగు రకాలుగా విడదీశాడు. నూనె అడిగేవి, నీళ్ళు అడిగేవి, రెండూ ఒప్పుకునేవి, ఆఖరున మంగలి దుకాణాల్లో వాడే, ఉమ్మి తగిలిస్తే పనిచేసేవి! క్రీటు దీవి రాయి నూనెకు, నాక్సోస్ దీవి రాయి నీళ్ళకు పేరుపొందాయట. రాయికి దప్పి ఉంటుందని అవ్వకే కాదు, రోమువాళ్ళకూ తెలుసన్నమాట.

నార్వేలో ఐడ్స్‌బోర్గ్ అనే కొండప్రాంతం ఉంది. అక్కడి లేతబూడిద రాయి పలకలు పలకలుగా చీలుతుంది. వైకింగుల కాలం నుంచి దాన్ని కోసి ఓడలకెక్కించి ఊరూరా అమ్మారు. ఆ వ్యాపారం 20వ శతాబ్దం దాకా సాగింది. ఇంగ్లండులో సట్టన్ హూ అనే చోట 1939లో ఓ దిబ్బ తవ్వితే, 7వ శతాబ్దపు ఓడ సమాధి బయటపడింది. బంగారం, వెండి, గోమేధికాల నగల మధ్యలో మూరెడుకు పైగా పొడుగున్న సానరాయి ఒకటి! రెండు కొసలా మనుషుల ముఖాలు చెక్కి, పైన కంచు దుప్పిని నిలబెట్టారు. దాని మీద ఒక్క కత్తి కూడా నూరిన గుర్తు లేదు. అది రాజదండం అంటారు చరిత్రకారులు. పదును పెట్టించే వాడే ప్రభువని కాబోలు. మన ఇళ్ళల్లో ఆ లెక్కన ఎవరు ప్రభువో చెప్పుకుంటే గొడవలొస్తాయి, వదిలేద్దాం.

ఇక నా నవ్వు సంగతి.

18వ శతాబ్దం మొదట్లో లండనులో జాన్ వుడ్‌వర్డ్ అనే వైద్యుడుండేవాడు. ఆయనకూ నాలాగే రాళ్ళ పిచ్చి. కాకపోతే మగవాడు, డబ్బున్నవాడు కాబట్టి దాన్ని శాస్త్రం అన్నారు. దేశదేశాల నుంచి రాళ్ళు తెప్పించుకుని జాబితా రాశాడు. ఆయన 1728లో పోయాడు. ఆ జాబితాలో మన వైపు నుంచి, మద్రాసు కోట మీదుగా వెళ్ళిన రాళ్ళున్నాయి. వాటికి ఆయన రాసుకున్న పేర్లేమిటో తెలుసా? ఒకటి 'నెల్ల కొరివిందం', రెండోది 'తెల్ల కొరివిందం'!

మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి మళ్ళీ తెరిచాను. ఎవరో తెలుగువాళ్ళు రాయి చేతికిచ్చి, 'ఇది నల్ల కురువిందం దొరా, ఇది తెల్ల కురువిందం' అని చెప్తున్న గొంతు ఆ అక్షరాల్లోంచి వినపడింది. మూడు వందల ఏళ్ళ కిందటి గొంతు. పేరు రాసుకున్నాయనదీ రాయి మోసుకెళ్ళిన ఓడదీ చరిత్ర ఉంది. చెప్పిన మనిషిది ఆ రెండు విశేషణాలే మిగిలాయి, నల్ల అని ఒకటి, తెల్ల అని ఒకటి.

అంతకంటే ముచ్చటైన సంగతి ఇంకోటుంది. ఆ నల్లరాయి వరిపొలాల్లో దొరుకుతుందనీ, పొలాల్లో ఎలుకలు బొరియలు తవ్వేటప్పుడు పైకి ఎగదోస్తాయనీ, దాంతో ఇనుముకు మెరుగు పెడతారనీ వుడ్‌వర్డ్ జాబితాలో ఉంది. అంటే ఈ ఖనిజానికి మొట్టమొదటి గని కార్మికులు ఎలుకలు! ఎలుక తోసిన రాయిని చూసి 'ఇది మామూలు రాయి కాదే' అని ఏరుకున్నవాళ్ళు, పొలం గట్ల మీద తిరిగే మన రైతులూ కూలీలూను.

కురువిందం మోస్ మెట్లలో తొమ్మిదోది. దాని పైన ఉన్నది ఒక్క వజ్రమే. మన దగ్గర రత్నాల పనివాళ్ళు దాన్ని దంచి, పొడిని లక్కతో కలిపి చక్రంగా పోసి, ఆ చక్రంతోనే రత్నాలకు సాన పట్టేవాళ్ళు. చిత్రమేమిటంటే, అదే కురువిందం శుద్ధంగా, కాస్త ఎర్రజీర కలిసి పారదర్శకంగా దొరికితే దాన్నే కెంపు అంటాం. నీలిజీర కలిస్తే ఇంద్రనీలం. మీ చెవుల కెంపు దుద్దులూ, పొలంలో ఎలుక ఎగదోసిన నల్లరాయీ అక్కాచెల్లెళ్ళే. ఒకరు నగల పెట్టెలోకి కోడలిగా వెళ్ళారు, ఒకరు చాకిరీకి మిగిలారు. మన అనంతపురం, ఖమ్మం జిల్లాల్లో ఇప్పటికీ కురువిందం దొరుకుతుంది.

1760ల చివర్లో మద్రాసులోని ఆండర్సన్ అనే డాక్టరు, ఎడింబరోలో రాళ్ళ మీద ముద్రలు చెక్కే బెరీ అనే ఆయనకు ఓ పెట్టెడు ఈ స్ఫటికాలు పంపాడు. ఇక్కడివాళ్ళు వజ్రం తప్ప తక్కిన రత్నాలన్నిటికీ దీంతోనే మెరుగు పెడతారని రాశాడు. 1798లో చార్లెస్ గ్రెవిల్ లండను రాయల్ సొసైటీ పత్రికలో దీని మీద పెద్ద వ్యాసమే రాసి 'కొరండం' అనే పేరును శాస్త్రంలో స్థిరపరిచాడు. తమిళంలో కురుందం, తెలుగులో కురువిందం, ఇంగ్లీషులో కొరండం. ఇంగ్లీషు నిఘంటువు తీసి చూసుకోండి, ఈ మాట పుట్టిల్లు ఎక్కడో అందులోనే రాసి ఉంటుంది.

తరవాత కథ అమెరికాలో. 1891లో ఎడ్వర్డ్ ఏచెసన్ అనే ఆయన కృత్రిమంగా వజ్రాలు చేద్దామని మట్టీ కోకుబొగ్గుపొడీ కలిపి ఇనపగిన్నెలో వేసి, కరెంటుతో మహా వేడికి కాల్చాడు. వజ్రం రాలేదు. కార్బను కడ్డీకి అంటుకుని మిలమిలలాడే చిన్న స్ఫటికాలు వచ్చాయి. గాజును గీస్తే కోసేశాయి. బొగ్గులోని కార్బనూ, మట్టిలోని కొరండమూ కలిసి ఇది పుట్టిందనుకుని, రెండు పేర్లూ కలిపి 'కార్బొరండం' అని నామకరణం చేశాడు. నిజానికి అందులో కురువిందం పిసరంత కూడా లేదు. కార్బనూ సిలికానూ మాత్రమే. తప్పని తేలేసరికి పేరు స్థిరపడిపోయింది. 1893లో హక్కుపత్రం పుచ్చుకున్నాడు. ఆ సరుకు లోకమంతా పాకింది. 1954 నాటికి మద్రాసులోనే ఆ పేరుతో కంపెనీ వెలిసింది.

అదండీ నా నవ్వు. మన పొలంలో ఎలుక తవ్విపోసిన మాట, ఓడెక్కి లండను వెళ్ళి, అమెరికాలో ఇంటిపేరు తగిలించుకుని, అట్టపెట్టెలో కూర్చుని, మావారి చేతుల మీదుగా మళ్ళీ మా వంటింట్లోకి వచ్చింది. 'దారిన పోయే రాయి కాదు' అని దాన్ని ఆయన నాకు పరిచయం చేస్తున్నారు!

ఫ్యాక్టరీ రాయిని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. చెప్పొద్దూ, పది నిమిషాల్లో కత్తి దారికొచ్చింది. కాని ఆ మధ్యాహ్నమే తులసికుండీ దగ్గరికెళ్ళి నా ఐదు రాళ్ళూ బయటికి తీశాను.

ఒకటి నిమ్మరసానికి పొంగింది. ఇంకోదానికి సన్నటి పగులుంది. తట్టి చూస్తే ఖంగుమనకుండా బద్దగా పలికింది. మూడు మిగిలాయి. గీస్తే మేకు గుర్తు పడింది గాని, అది రాయి తెగిన గీత కాదు. మేకే అరిగి అంటుకున్న మెరుపు. పనికొస్తాయన్నమాట. కూర్చుని రెండు రాళ్ళను ఒకదాంతో ఒకటి పొడిగానే రుద్దడం మొదలెట్టాను. కాసేపటికి తెల్లటి దుమ్ము లేచి గొంతు పట్టుకుంది. అప్పుడు గుర్తొచ్చింది అవ్వ మాట. దప్పి తీర్చకుండా మొదలెట్టాను కదూ!

అది ఉత్త చాదస్తం కాదు. ఇంగ్లండులో షెఫీల్డు కత్తులకు పేరుపొందిన ఊరు. 19వ శతాబ్దంలో అక్కడ ఇసకరాతి చక్రాల మీద సాన పట్టేవాళ్ళకు, రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని, దగ్గూ ఆయాసమూ వచ్చేవి. తడిచక్రం మీద పనిచేసేవాళ్ళు కొంత నయం. ముళ్ళచెంచాలను పొడిచక్రం మీద నూరేవాళ్ళలో చాలామంది నలభయ్యో ఏడు చూడకుండానే పోయారు. విందుబల్లల మీద మెరిసే ఆ చెంచాల వెనక అంత దగ్గుంది. చెంబెడు నీళ్ళ విలువ అవ్వ ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆమె మా ఊపిరిని కాపాడింది, రాయి దప్పి అని పేరు పెట్టి.

తడిపి రుద్దితే ఇంకో చిక్కు వచ్చింది. రెండు రాళ్ళు రుద్దుకుంటే ఒకటి గుంటపడుతుంది, ఒకటి ఉబ్బుతుంది. రెండూ ఒకదానికొకటి అతికినట్టే ఉంటాయి, ఏదీ చదునుగా ఉండదు. (చాలా సంసారాల్లో చూస్తున్నదే!) దీనికి మందు మూడో రాయి. మొదటిది రెండోదాంతో, రెండోది మూడోదాంతో, మూడోది మొదటిదాంతో, ఇలా మార్చి మార్చి రుద్దితే మూడూ చదునవక తప్పదు. మూడింటికీ ఒకదానికొకటి అతకాలంటే ఇక గుంటకూ గూనికీ చోటుండదు కదా. 1840లో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీరు ఇనపపలకలకు ఈ ఉపాయాన్నే శాస్త్రజ్ఞుల సభలో వివరించాడు. యంత్రాలన్నిటి కచ్చితత్వానికీ అది పునాది అయింది.

మూడు వారాలు పట్టింది. రోజూ కూర పొయ్యి మీద పెట్టాక ఓ పావుగంట. మొదట ముతక ఇసక, తరవాత జల్లించిన సన్న ఇసక, ఆఖర్న ఉత్త నీళ్ళు. రాతి మీద నూరుకున్న బూడిదరంగు పసరు వేళ్ళ మధ్య గంధంలా అయ్యేదాకా. పసరులో తడిపి అడ్డంగా పట్టి చూస్తే, ఎత్తుపల్లాలు మిగిలిన చోట మచ్చలు కనిపించేవి. మచ్చలు లేని రోజున ఆపాను. అంచులు చేతికి కోసుకోకుండా కాస్త గుండ్రం చేశాను.

ఇప్పుడు మా వంటింట్లో రెండు సానలున్నాయి. కత్తి బాగా మొద్దుబారితే ముందు మావారి రాయి, ఆ తరవాత హగరి రాయి. మొదటిది గబగబా కొరుకుతుంది. రెండోది తాపీగా నునుపు చేస్తుంది. మిగిలిన రెండు రాళ్ళలో ఒకటి మా పిన్ని తీసుకెళ్ళింది. ఇత్తడి బిందె బదులిస్తానంది గాని, నేనే వద్దన్నాను.

మొన్న ఆదివారం మళ్ళీ పండు టమాటాలే వచ్చాయి. కత్తి తీసి రాయి ముందు కూర్చున్నాను. మా చిన్నది చెంబుతో నీళ్ళు తెచ్చి, రాతి మీద పోసి, గడ్డం కింద చేతులు పెట్టుకుని చూస్తూ కూర్చుంది. రాయి నీళ్ళు పీల్చుకుంది. ఇంకొంచెం పోసింది. ఈసారి నీళ్ళు పైనే నిలిచాయి.

"తీరిందమ్మా దప్పి. ఇంక పెట్టు," అంది.